సంగీత్ మధ్యలో మూడుసార్లు కరెంటు కట్: హాల్లో పెట్టిన సౌండ్ లిమిటర్‌తో ఎలా వేగాలి?

అలలపక్కన_డీజే
మొన్న గురువారం భీమిలి రోడ్డులో ఒక కన్వెన్షన్ హాల్లో సంగీత్ చేశాను. హాలు పేరు రాయను, మళ్ళీ అక్కడే పని చేసుకోవాలి. స్టేజీ పక్కన గోడకి కొత్తగా ఒక పెట్టె బిగించారు, శబ్దం హద్దు దాటితే కరెంటు కోసే సౌండ్ లిమిటర్. పచ్చ, పసుపు, ఎరుపు, మూడు లైట్లు. సీలింగ్ నుంచి చిన్న మైకు వేలాడుతోంది. "ఎర్ర లైటు వెలిగితే తగ్గించెయ్ బాబూ, లేకపోతే లైను పోద్ది" అన్నాడు మేనేజరు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

మొదటి పాటకే పసుపు. రెండో పాటకి జనం అరిచారు, ఎరుపు. అయిదారు సెకన్లు కాకుండానే ఠప్పున అన్నీ ఆగిపోయాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, కంట్రోలరు, మిక్సరు, ఆంప్లు (యాంప్లిఫయర్లు) మాత్రం చచ్చాయి. నాలుగొందల మంది నావైపే చూస్తున్నారు. మిక్సరు స్క్రీన్ మీద ఆ బూటింగ్ గీత నెమ్మదిగా పాకుతుంటే నా చేతులు వణికాయి. ఇలా మూడుసార్లు. మూడోసారి పెళ్ళికూతురు వాళ్ళ నాన్నతో డాన్స్ చేస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది పాపం.

పెళ్ళివాళ్ళు 8 వేలు పట్టుకున్నారు. ఒక ఆంప్ ఛానల్లో ఇప్పుడు గుయ్‌మని శబ్దం. ఇలా కరెంటు కట్ చేసే హక్కు హాలుకి ఉందా? ఈ పెట్టె ఉన్న చోట మనం ఎలా పని చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డ్రమ్స్_మర్రిపాలెం
ఆ పెట్టె నాకు బాగా తెలుసు. మా బ్యాండ్ సౌండ్‌చెక్‌లో స్నేర్ మీద నాలుగు దెబ్బలు కొట్టాను, ఎరుపు. ఇంకా పీఏ (స్పీకర్ల సెటప్) ఆన్ చెయ్యనే లేదు! మైకు పెట్టని డ్రమ్ కిట్ దగ్గర్లో 100 డెసిబెల్స్ దాటడం మామూలే. దానికి మిక్సరు మీద ఉన్నట్టు ఫేడర్ మీట ఎక్కడుంటుంది, తగ్గించడానికి?

వైరింగ్_గాజువాక
డీజే తమ్ముడూ, ముందు ఆంప్ సంగతి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి ఆన్ అయ్యాయి కదా? మిక్సరు లేచే లోపే ఆంపు లేచిపోతుంది. అప్పుడు వచ్చే ఆ "ధబ్" స్పీకర్ కోన్లకీ ఆంప్‌కీ దెబ్బ. ఆన్ చేసేటప్పుడు ఆంప్ ఆఖర్న, ఆఫ్ చేసేటప్పుడు ఆంప్ ముందు. లైను పోగానే ఆంప్ స్విచ్‌లు ఆపేసి, మిక్సరు పూర్తిగా వచ్చాక వెయ్యి. మిక్సరుకీ కంట్రోలరుకీ చిన్న యూపీఎస్ పెట్టుకో. ఆంప్‌లకి మాత్రం వద్దు, మోయలేదు.

పెళ్ళి_పనులు
మా టీమ్‌లో ఒకడు ఇలాంటి హాల్లో తెలివిగా వంటశాల నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి ఆంప్‌లు నడిపాడు. లిమిటర్ ఎంత ఎర్రబడినా కరెంటు పోలేదు. ఎవరికైనా పనికొస్తుందేమోనని చెప్తున్నా.

వైరింగ్_గాజువాక
పెళ్ళి_పనులు, దయచేసి ఇలాంటివి చెప్పకండి. వంటగదిలో గ్రైండరు, ఫ్రీజరు నడిచే లైను మీద రెండు ఆంప్‌లు వేస్తే వైరు ఇన్సులేషన్ కరిగిపోతుంది. నేను కళ్ళారా చూశాను. బిర్యానీ డేగిశా పక్కనే నల్లగా కాలిన ప్లగ్గు, దాని మీద నుంచి సర్వర్లు ట్రేలు పట్టుకుని తిరుగుతున్నారు. పైగా స్టేజీ ఒక లైను, ఆంప్‌లు ఇంకో లైను అయితే ఎర్త్ తేడాకి గుయ్‌మనే హమ్ వస్తుంది. ఆ డీజే తమ్ముడి గుయ్ శబ్దం ఆంప్ పోయి వచ్చిందా, ఎర్త్ వల్ల వచ్చిందా అనేది కూడా ఇంటి దగ్గర వేరే సాకెట్‌లో పెట్టి చూడాలి.

గోడవతల_ఇల్లు
నేను డీజేని కాదు. మా ఇల్లు ఎండాడ వైపు, ఒక ఫంక్షన్ హాలు వెనక గోడకి అవతల. ఇక్కడ అందరూ కరెంటు పోయిందని బాధపడుతున్నారు. మా బాధ కూడా ఒకసారి వినండి.

మాఘమాసం మొదలైతే మా ఇంట్లో నిద్ర ఉండదు. పాట వినిపించదు, పాట వినిపిస్తే అదో రకం. మాకు వచ్చేది "దుమ్... దుమ్... దుమ్" ఒక్కటే. తలుపులు, కిటికీలు వేసినా అదే. వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. పోయినేడు మా అబ్బాయికి ఇంటర్ పరీక్షలు. పుస్తకం పట్టుకుని మద్దిలపాలెంలో మా చెల్లెలింటికి వెళ్ళి చదువుకున్నాడు. మా అత్తగారికి గుండె జబ్బు, ఆవిడ దిండు చెవులకి అదుముకుని కూర్చుంటారు. ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, తగ్గిస్తారు, జీపు మలుపు తిరగ్గానే మళ్ళీ పెంచుతారు. ఆ పెట్టె మా పక్క హాల్లో కూడా పెడితే నేను స్వీట్లు పంచుతాను.

డ్రమ్స్_మర్రిపాలెం
అక్కా, మీ బాధ అర్థమైంది. మా ఇంటి వెనక వినాయక చవితి పందిరి ఉంటుంది, నాకూ తెలుసు. కానీ ఆ పెట్టె మీకు వినిపించే శబ్దాన్ని కొలవదు, స్టేజీ మీద శబ్దాన్ని కొలుస్తుంది. మా గొడవ అక్కడే.

పాతమిక్సర్
డ్రమ్స్ తమ్ముడు అసలు పాయింట్ పట్టుకున్నాడు. 22 ఏళ్ళుగా లైవ్ సౌండ్ చేస్తున్నాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

లిమిటర్లలో రెండు రకాలు. ఒకటి డీజే తమ్ముడికి తగిలింది. మైకు వింటుంది, పెట్టిన అంకె దాటి కొన్ని సెకన్లు ఉంటే స్టేజీ సాకెట్ల కరెంటు కోసేస్తుంది. దానికి నీ మిక్సరు తెలీదు, జనం అరుపు తెలీదు, ఎవరో గ్లాసు పడేసినా దానికి ఒకటే. రెండోది సిగ్నల్ దారిలో కూర్చుంటుంది. మిక్సరుకీ ఆంప్‌కీ మధ్య. శబ్దం హద్దు దాటబోతే సిగ్నల్‌ని మెల్లగా కిందికి నొక్కుతుంది. జనానికి తెలియను కూడా తెలియదు, డీజే ఎంత ఫేడర్ తోసినా పైకి వెళ్ళదు. డీబీఎక్స్ డ్రైవ్‌ర్యాక్ లాంటి ప్రాసెసర్ మన దగ్గర చాలామంది దగ్గర ఉంది, అందులో లిమిటర్ ఉంటుంది. అయితే అది మన చేతిలో ఉండేది. హాలు వాడు నమ్మాలంటే తాళం వేసిన పెట్టెలో వాడిదే ఉండాలి, మన సిగ్నల్ దాని గుండా పోవాలి.

డీజే తమ్ముడూ, ఒక ప్రశ్న. పెట్టె మీద ఏ అంకె పెట్టారో చూశావా? మైకు సరిగ్గా ఎక్కడ వేలాడుతోంది?

అలలపక్కన_డీజే
మాస్టారూ, అంకె 75 డెసిబెల్స్. మైకు నా ఎడమ టాప్‌కి (పై స్పీకరుకి) సూటిగా ఎదురుగా, మహా అయితే పదడుగుల దూరం.

పాతమిక్సర్
75! అందుకే. పెళ్ళి భోజనాల దగ్గర మైకు లేకుండా నాలుగొందల మంది మాట్లాడుకుంటేనే ఆ చుట్టుపక్కలకి వస్తుంది. ఆ అంకెతో సన్నాయి కూడా వాయించలేరు. 75 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అనుమానం ఉంది. లాయరు నల్లకోటు గారూ, ఉన్నారా?

నల్లకోటు
ఉన్నాను. ఆ 75 చట్టంలోదే, కాకపోతే హాలు వాళ్ళు తీసుకెళ్ళి తప్పు చోట పెట్టారు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రాంతాన్ని బట్టి హద్దులు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. ఆసుపత్రి, స్కూలు, కోర్టు చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10. ఇవన్నీ డెసిబెల్ ఏ (చెవి వినే తీరుకి సరిచేసిన కొలత), కొంతసేపటి సగటు లెక్క.

ఇప్పుడు లౌడ్‌స్పీకర్ సంగతి. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడుతుంటే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు హద్దు కంటే 10 మించకూడదు, లేదా 75 మించకూడదు, రెండింటిలో ఏది తక్కువైతే అది. కన్వెన్షన్ సెంటర్లు కూడా బహిరంగ స్థలం నిర్వచనంలోకే వస్తాయి. అంటే 75 అనేది ప్రహరీ గోడ దగ్గరి లెక్క, స్టేజీ దగ్గరిది కాదు. ఇంకో మాట, అది నివాస ప్రాంతమైతే గోడ దగ్గర 55 కి 10 కలిపి 65 మాత్రమే. 75 కూడా కాదు. డీజే గారికి ఇది చేదుగా ఉంటుంది, కానీ చెప్పాలి.

గోడవతల_ఇల్లు
65 అంటే ఎంత ఉంటుందండీ? మాకు వచ్చేది దానికి ఎక్కువా తక్కువా ఎలా తెలుస్తుంది?

పాతమిక్సర్
మేడమ్, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే 60 ప్రాంతం. ఫోన్లో యాప్ పెట్టి చూడొచ్చు, ఐఫోన్ అయితే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ళ ఉచిత యాప్ నమ్మదగ్గది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌కో రీడింగ్ చూపిస్తుంది, ఫిర్యాదుకి సాక్ష్యంగా పనికిరాదు.

కానీ మీరు చెప్పిన "దుమ్ దుమ్" గురించి ఒకటి చెప్పాలి. డెసిబెల్ ఏ అనే కొలత మన చెవిలాగే బేస్‌ని తక్కువ చేసి చూస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తుంది. గోడలు, కిటికీలు టాప్స్ శబ్దాన్ని ఆపుతాయి, బేస్‌ని పెద్దగా ఆపవు. అందుకే మీటర్ 60 చూపిస్తున్నా మీ గ్లాసులు మోగుతాయి. మీటర్‌ని సీ వెయిటింగ్‌లో (బేస్‌ని అంతగా తగ్గించని కొలత) పెట్టి చూస్తే అసలు కథ బయటపడుతుంది. ఫ్రాన్స్‌లో 2017 ఉత్తర్వులో ఏ కొలతకి 102, సీ కొలతకి 118 అని రెండు హద్దులు పెట్టారు, రెండూ 15 నిమిషాల సగటు. అవి ప్రేక్షకుల చెవుల కోసం పెట్టినవి, పక్కింటి నిద్ర కోసం కాదు. కానీ బేస్‌కి విడిగా హద్దు ఉండాలనే ఆలోచన సరైనది.

గోడవతల_ఇల్లు
ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు నా గ్లాసుల మాట నమ్మారు. థాంక్స్ అండీ.

సన్నాయి_మనవడు
మాది నాదస్వరం కుటుంబం, సింహాచలం దగ్గర. ఈ పెట్టె మాకు చేసింది చెప్తాను. మొన్న మార్చిలో పెళ్ళి. జీలకర్ర బెల్లం అయింది, మాంగల్యధారణకి పంతులు గారు చెయ్యి ఎత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. మా బాబాయి డోలు మీద రెండు చేతులా వాయించాడు, ఇద్దరం సన్నాయి ఎత్తాం. తాళి మూడో ముడి పడే లోపు మండపం అంతా చీకటి. వీడియో వాళ్ళ లైట్లు పోయాయి, పంతులు గారి మైకు పోయింది. మా దగ్గర అసలు మైకే లేదు. ఫోన్ల టార్చి వెలుగులో మూడో ముడి వేశారు. పెళ్ళికొడుకు తల్లి అపశకునం అని ఏడ్చింది. ఆవిడకి సమాధానం చెప్పలేక మేం తల వంచుకుని కూర్చున్నాం.

గట్టిమేళం గట్టిగానే వాయించాలి. దుర్మాటలేవీ చెవిన పడకూడదనే వాయిస్తారు. దాన్ని ఎలా తగ్గిస్తాం?

పెళ్ళి_పనులు
అయ్యో. ఇది చదివాక నా వంటగది సలహా వెనక్కి తీసుకుంటున్నాను. వైరింగ్ అన్న చెప్పింది కరెక్టే.

వైరింగ్_గాజువాక
సన్నాయి గారూ, అది పూర్తిగా వైరింగ్ తప్పు. లిమిటర్ కాంటాక్టర్ (కరెంటు కోసే స్విచ్) కింద డీజే సాకెట్లు ఒక్కటే ఉండాలి. మండపం లైట్లు, పంతులు గారి మైకు, వీడియో లైన్లు వేరే ఎంసీబీ (బోర్డులో విడి స్విచ్) మీద ఉండాలి. జనం నిండిన హాల్లో లైట్లు కోసేయడం ప్రమాదం కూడా. మంటలో, తొక్కిసలాటో జరిగితే చెప్పడానికి మైకు ఉండాలి కదా. ఇలాంటి హాల్లో పని ఒప్పుకునే ముందు డీబీ (కరెంటు పంపిణీ బోర్డు) దగ్గరకి వెళ్ళి ఏ స్విచ్ ఏ లైనుకో అడగండి. రెండు నిమిషాల పని.

హాలు_చూసుకునేవాడు
నేను ఇలాంటి హాలే నడుపుతున్నాను, డీజే గారు చెప్పిన హాలు కాదు. మా వైపు మాట కూడా వినాలి.

మేం డీజేలకి చెప్పి చెప్పి విసిగిపోయాం. "సరే సార్" అంటాడు, తగ్గిస్తాడు, పెళ్ళికొడుకు స్నేహితులు వచ్చి చెవిలో ఏదో చెప్తే మళ్ళీ పెంచుతాడు. పోలీసు వచ్చేది నా ఆఫీసుకి. నోటీసు వచ్చేది నా పేరు మీద. డీజే ఆ రాత్రే బాక్సులు లారీకెక్కించి వెళ్ళిపోతాడు. సిగ్నల్ లిమిటర్ పెడితే వాళ్ళు తీగ పీకి నేరుగా ఆంప్‌కి పెట్టుకుంటారు, రెండుసార్లు పట్టుకున్నాను. అందుకే కరెంటు కోసేదే పెట్టాం. అదొక్కటే వాళ్ళు మాట వినేలా చేసింది.

అలలపక్కన_డీజే
సార్, నేను అలాంటివాణ్ణి కాను. నాకు ముందే చెప్పి ఉంటే చిన్న సెటప్ తెచ్చేవాణ్ణి. నాలుగు సబ్‌లు (బేస్ స్పీకర్లు) మోసుకొచ్చి 75 లో వాయించమంటే ఎలా?

హాలు_చూసుకునేవాడు
బుకింగ్ కాగితం మీద రాస్తున్నాం బాబూ. పెళ్ళివాళ్ళు అది మీకు చెప్పరు.

పెళ్ళి_పనులు
ఇది నిజం. మేం కూడా చెప్పం. డీజేతో బేరం అయిపోయాక హాలు షరతులు చదువుతాం. ఇకనుంచి హాలు కాగితం ఫోటో డీజేకీ, బ్యాండ్‌కీ వాట్సాప్‌లో పెడతాను.

నల్లకోటు
హక్కు సంగతి అడిగారు కదా. తన ఆవరణలో షరతు పెట్టుకునే హక్కు హాలుకి ఉంది, చట్టం అమలు చేయాల్సిన బాధ్యత కూడా. సుప్రీంకోర్టు 2005 జూలైలో శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన తీర్పు చదవండి. నిశ్శబ్దంగా బతకడం అనేది బతికే హక్కులో భాగం అంది. ఆ 8 వేల సంగతికి వస్తే, లిమిటర్ గురించి మీకు రాతపూర్వకంగా చెప్పలేదు కాబట్టి పెళ్ళివాళ్ళతో కూర్చుని మాట్లాడండి, హాలు మేనేజరుని కూడా పిలవండి. కోర్టు దాకా వెళ్ళే మొత్తం కాదు.

రాత్రి 10 దాటాక మాత్రం ఏ లిమిటరూ మిమ్మల్ని కాపాడదు. 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరే కాదు, వాద్యాలు కూడా మూసి ఉన్న హాల్లోనే, లోపలివాళ్ళకి వినిపించడానికే. ఆరుబయట లాన్ ఆ మినహాయింపులోకి రాదు. పండుగలకి 12 దాకా అనుమతి ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇంటి పెళ్ళికి అది వర్తించదు.

డ్రమ్స్_మర్రిపాలెం
లాన్ అంటే గుర్తొచ్చింది. రుషికొండ దగ్గర బీచ్ వైపు లాన్‌లో వాయించాం. స్టేజీ సముద్రం వైపు, స్పీకర్లు ఊరి వైపు. సాయంత్రం సముద్రం మీద గాలి ఊరి మీదికి వీస్తుంటే కిలోమీటరు అవతల ఉన్న మా ఫ్రెండ్ ఫోన్ చేసి ఏ పాట వాయిస్తున్నామో చెప్పాడు! మరుసటి నెల అదే లాన్‌లో స్టేజీ తిప్పి, స్పీకర్లు సముద్రం వైపు పెట్టాం. ఒక్క ఫిర్యాదు లేదు. చేపలు ఏమన్నా అనుకుని ఉంటే మాకు తెలీదు.

పాతమిక్సర్
గాలి వాటంలో శబ్దం కిందికి వంగి దూరం పోతుంది, ఎదురుగాలికి పైకి లేచిపోతుంది. విశాఖలో స్టేజీ ఏ దిక్కు పెట్టాలన్నది సగం పని. వాస్తు చూసినట్టు గాలి కూడా చూడాలి.

ఈఎన్టీ_పీజీ
పక్కింటి సంగతి, కరెంటు సంగతి అందరూ మాట్లాడారు. మీ చెవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు హద్దు అనుకుంటే, 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగం అవుతుంది. 88 కి 4 గంటలు, 91 కి 2, 94 కి ఒక గంట, 100 కి 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికల కోసం పెట్టిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 మించకూడదని. దాంతోపాటు ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో పెట్టాలి, కాసేపు చెవికి విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద గది ఉండాలి అంటుంది. మా ఓపీకి పాతికేళ్ళ డీజేలు చెవిలో హోరు అని వస్తున్నారు. లోపలి చెవిలో పోయిన వెంట్రుక కణాలు మళ్ళీ పుట్టవు. మందు లేదు.

డ్రమ్స్_మర్రిపాలెం
నాకు ఎడమ చెవిలో నాలుగేళ్ళుగా "కీ" అని సన్నటి శబ్దం. పగలు తెలీదు. రాత్రి ఫ్యాన్ ఆపితే అదొక్కటే వినిపిస్తుంది. హై హ్యాట్ వైపు చెవి అదే. ఇప్పుడు ఇయర్‌ప్లగ్ లేకుండా కూర్చోను. కుర్రాళ్ళెవరైనా చదువుతుంటే ఇవాళే కొనుక్కోండి.

సన్నాయి_మనవడు
మా తాతకి డెబ్భై దాటాక డోలు వైపు చెవి పూర్తిగా పోయింది. అది వయసు వల్ల అనుకున్నాం.

అలలపక్కన_డీజే
నేను ఇవాళ ఆ హాలుకి వెళ్ళాను. పాతమిక్సర్ మాస్టారు, నల్లకోటు గారు చెప్పింది మేనేజరుకి చూపించాను. 75 అంకె ఎవరు పెట్టారంటే, పెట్టె బిగించిన కుర్రాడు "రూలు 75 సార్" అని పెట్టి వెళ్ళిపోయాడట. ఆయనకీ తెలీదు. అంకె మార్చడానికి ఒప్పుకున్నాడు గానీ ఎంత పెట్టాలి అంటాడు. ఎంత?

పాతమిక్సర్
అంకె నేను ఇక్కడ కూర్చుని చెప్పకూడదు, గోడే చెప్పాలి. ఇలా చేద్దాం.

పెళ్ళి లేని రోజు సాయంత్రం నీ మామూలు సెటప్ పెట్టు. తలుపులన్నీ మూయించు. ఒకరు మీటర్ పట్టుకుని ఇళ్ళ వైపు ప్రహరీ దగ్గర నిలబడాలి, ఇంకొకరు నీ దగ్గర, ఇద్దరూ ఫోన్ లైన్లో ఉండాలి. ముందు పాట లేకుండా చుట్టుపక్కల శబ్దం ఎంతో రాసుకో. రోడ్డు మీద లారీలు పోతుంటే అదే 60 దాటొచ్చు. తర్వాత బేస్ బాగా ఉన్న పాట పెట్టి మెల్లగా పెంచు. గోడ దగ్గర మీటర్ హద్దు చేరగానే ఆపు. ఆ క్షణంలో లోపల వేలాడే మైకు దగ్గర ఎంత ఉందో, అదీ పెట్టెలో పెట్టాల్సిన అంకె. 88 రావచ్చు, 95 రావచ్చు, హాలు గోడలని బట్టి.

ఆ మైకుని నీ టాప్ ఎదురుగా కాకుండా జనం మధ్యలో, పైన వేలాడదీయించు. ఆరుబయట లెక్కలో దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, పదడుగుల దగ్గర కొలిచి హాలంతటికీ అదే అనుకోవడం అన్యాయం. ఇంకా ఒకటి. ఒక తలుపు తెరిచి మళ్ళీ కొలువు. చాలాచోట్ల కొంప ముంచేది లిమిటర్ కాదు, బరాత్ లోపలికి వచ్చాక తెరిచే ఉంచేసిన తలుపు. బయటి దేశాల్లో ఆ తలుపుకే స్విచ్ పెట్టి, తెరిస్తే పాట ఆగేలా చేస్తారు.

అలలపక్కన_డీజే
బేస్ సంగతేంటి మాస్టారూ? వెనక గోడ అవతల ఇళ్ళున్నాయి అక్కడ కూడా. ఎండాడ మేడమ్ గారి గ్లాసులు నాకు నిద్రలో కూడా వినిపిస్తున్నాయి.

పాతమిక్సర్
నాలుగు వద్దు, మూడు సబ్‌లు తీసుకెళ్ళు. రెండు జనం వైపు, ఒకటి వెనక్కి తిప్పు. వెనక్కి తిప్పినదానికి పోలారిటీ మార్చి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి), ప్రాసెసర్‌లో డిలే (కాస్త ఆలస్యం) ఇవ్వాలి. ముందు వైపు మూడూ కలుస్తాయి, వెనక వైపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగ్గా కుదిరితే స్టేజీ వెనక 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. గోడకి ఆనించి పెడితే మాత్రం పని చెయ్యదు, కనీసం మూడడుగులు వదులు. 45 హెర్ట్జ్ కింద అంతా కోసెయ్. హాల్లో డాన్స్ చేసేవాళ్ళకి అది తెలియదు, గోడ అవతల పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆంప్ పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే అని గుర్తుపెట్టుకో. అంత బరువు మోయడం దేనికి?

హాలు_చూసుకునేవాడు
పాతమిక్సర్ గారూ, మా హాల్లో కూడా ఇదే కొలత చేసిపెడతారా? మా పెట్టెలో అంకె 80. మేం కూడా ఎవరో చెప్తే పెట్టిందే. గోడ దగ్గర ఎప్పుడూ కొలవలేదు.

పాతమిక్సర్
చేస్తాను. మీరు కూడా ఒక పని చెయ్యండి. కరెంటు కోసేది ఆఖరి కాపలాగా ఉంచండి, దానికి 3 డెసిబెల్స్ కింద సిగ్నల్ లిమిటర్ పెట్టండి. తీగ పీకేస్తున్నారన్నారు కదా, లిమిటర్, ఆంప్‌లు రెండూ ఒకే ర్యాక్‌లో తాళం వేసి, బయటికి ఒక్క సాకెట్ ఇవ్వండి. డీజే అందులోకే సిగ్నల్ ఇస్తాడు. అప్పుడు కరెంటు దాకా వెళ్ళే అవసరమే రాదు.

డ్రమ్స్_మర్రిపాలెం
బ్యాండ్‌లకి కూడా ఒక మాట మాస్టారూ, నా కిట్ సంగతి.

పాతమిక్సర్
నీ కిట్‌కి ఫేడర్ నీ మణికట్టే తమ్ముడూ. చిన్న హాల్లో రాడ్‌లతో (సన్న పుల్లల కట్టలతో) వాయించు, లేదా ఎలక్ట్రానిక్ కిట్. స్టేజీ మీద మానిటర్ బాక్సులు తీసేసి అందరూ ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు) పెట్టుకుంటే స్టేజీ శబ్దం ఎంత పడిపోతుందో నువ్వే ఆశ్చర్యపోతావు. పాటగాడి గొంతు కూడా స్పష్టంగా వస్తుంది.

డ్రమ్స్_మర్రిపాలెం
ఎలక్ట్రానిక్ కిట్ మీద సింబల్ కొడితే రబ్బరు చెప్పు కొట్టినట్టుంటుంది. రాడ్‌లు ప్రయత్నిస్తాను.

సన్నాయి_మనవడు
మరి మా గట్టిమేళం?

పాతమిక్సర్
డోలు, సన్నాయి ఉన్న అయిదు నిమిషాలూ కాంటాక్టర్ బైపాస్ తాళం చెవి మేనేజరు చేతిలో ఉండాలి. ముహూర్తం ముందు తిప్పి, అక్షింతలు పడ్డాక మళ్ళీ పెట్టాలి. మండపం లైన్లు వేరు చేస్తే అది కూడా అక్కర్లేదు, వైరింగ్ అన్న చెప్పినట్టు.

నల్లకోటు
మూసిన హాల్లో జరిగేట్టు చూసుకోండి, ముహూర్తం రాత్రి 10 దాటితే. లాన్‌లో మండపం వేస్తే నేను కూడా కాపాడలేను.

గోడవతల_ఇల్లు
ఆ కొలతలప్పుడు గోడకి ఇవతల, అంటే మా వైపు, ఎవరైనా నిలబడతారా? ఎప్పుడూ హాలు వైపు నుంచే చూస్తారు. హాలు_చూసుకునేవాడు గారూ, మీ హాలు ఎక్కడో నాకు తెలీదు, కానీ మీ గోడ అవతల కూడా నాలాంటివాళ్ళు ఎవరో ఉంటారు. వాళ్ళని ఒకసారి పిలవండి.

హాలు_చూసుకునేవాడు
మా వెనక ఇంట్లో ఒక రిటైర్డ్ టీచరు గారు ఉన్నారు. మూడుసార్లు ఫిర్యాదు చేశారు. ఆయన ఇంటికి ఇప్పటిదాకా వెళ్ళలేదు, నిజం చెప్తున్నా. రేపు వెళ్తాను.

అలలపక్కన_డీజే
మేడమ్, నేను వెళ్ళిన హాలు దగ్గర మేనేజరు ఒప్పుకున్నాడు. వచ్చే మంగళవారం సాయంత్రం 5 కి కొలుస్తున్నాం, ముహూర్తాలు లేని రోజు. వెనక వీధిలో ఇద్దరు ఇంటివాళ్ళు వస్తామన్నారు, వాళ్ళ పడగ్గదిలో కిటికీ వేసి కూడా కొలుస్తాం. ఏ, సీ రెండు రీడింగులూ రాసి ఇక్కడ పెడతాను. 8 వేలలో 5 వేలు పెళ్ళివాళ్ళు ఇచ్చారు. గుయ్ శబ్దం ఆంప్‌ది కాదు వైరింగ్ అన్నా, ఇంటి దగ్గర పెడితే పోయింది. ఎర్తే.

వైరింగ్_గాజువాక
హమ్మయ్య. మంగళవారం నేను కూడా వస్తా, ఆ డీబీ ఒకసారి చూడాలి.

పాతమిక్సర్
మీటర్, కాలిబ్రేటర్ నా దగ్గర ఉన్నాయి. 94 దగ్గర సరిచూసుకుని తెస్తాను. తమ్ముడూ, మూడు సబ్‌లే తీసుకురా.